పేరు చెప్పిన తల్లి

చంద్రభాగ మూడోసారి కాలేజీ వెనక గోడ దూకుతూ వాచ్‌మన్‌కు పోయిన వారం దొరికిపోయింది. శుక్రవారం నాడు తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని క్రమశిక్షణ కమిటీ ముందుకు రావాలి. రాకపోతే పేరు కొట్టేస్తారు. చంద్రభాగకు తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు. అయినా తీసుకురావడానికి ఎవరూ లేరు.

తండ్రి పెంటయ్య మా పక్కింటాయన, నేను కాక అని పిలుస్తాను. ఆయన లెక్కలో ఆమె చదువు పదో తరగతితోనే అయిపోయింది. కూతురు ఇంట్లో తల్లి పక్కన కూర్చుని బీడీలు చుడుతోందని ఆయన నమ్మకం. ఆయనకు తెలియకుండా తల్లి రాజమ్మే కాలేజీకి పంపిస్తోంది. చిక్కంతా మధ్యాహ్నం భోజనం దగ్గర వచ్చింది. ఆయన పనిచేసే పవర్‌లూమ్ కార్ఖానాకు డబ్బా తీసుకుపోయేది ఎప్పుడూ చంద్రభాగే. ఒక్కరోజు పోకపోయినా పిల్ల ఏదని అడుగుతాడు. అందుకని డబ్బా సంచిలో పెట్టుకుని కాలేజీకి వచ్చేది. మధ్యాహ్నం గోడ దూకి, కార్ఖానాలో ఇచ్చి, మళ్ళీ గోడ దూకి తరగతిలో కూర్చునేది. పోయేముందు రిబ్బన్లు విప్పి, కాలేజీ బట్టలు కనబడకుండా పాత ఓణీ చుట్టుకుని, వేళ్ళకు కాస్త పొగాకు పొడి రుద్దుకునేది, తండ్రి దగ్గర చేతులు బీడీల వాసన వేయాలని. గేటులోంచి పోవాలంటే పాసు కావాలి. పాసుకు తండ్రి సంతకం కావాలి.

గోడ ఇవతల నిలబడి డబ్బా అందించేదాన్ని నేను. అందుకే కమిటీ పిలుపులో సాక్షిగా నా పేరు కూడా ఉంది. శాంత, పదకొండో తరగతి.

రాజమ్మ చిన్నమ్మకు ఈ పిలుపు సంగతి చంద్రభాగ చెప్పలేదు. గాలికి తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడే మనిషి ఆమె. కమిటీ అన్న మాట వింటే ఆ రోజే చదువు మాన్పిస్తుంది. ఏం చేయాలో తోచక మేమిద్దరం గుసగుసలాడుతుంటే, మా పెద్దమ్మ యల్లమ్మ ఒళ్ళోని చాట పక్కకు పెట్టి, "నేనొస్త. నేనే దీని తల్లినని చెప్త. ఎవలొచ్చి చూస్తరు?" అంది.

నేను ఉండేది ఆ పెద్దమ్మ ఇంట్లోనే, నీలం నగర్‌లో. సిద్దిపేట వైపు పల్లెలో పదో తరగతి అయ్యాక మా నాయన నన్ను ఈ మరాఠీ ఊరికి తెచ్చి, కాలేజీలో చేర్పించి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. పెద్దమ్మ ఏనాడూ కాలేజీ గడప తొక్కలేదు. ఆమె ముఖం అక్కడ ఎవరికీ తెలియదు. మాకున్న ధైర్యం అదొక్కటే.

గురువారం సాయంత్రం చంద్రభాగ పెద్దమ్మకు పాఠం చెప్పింది.

"భర్త పేరు?"

"పెంటయ్య."

"పని?"

"పవర్‌లూము."

"పిల్లలెంతమంది?"

"ఇద్దరు. నువ్వొకదానివి, నీ చెల్లె సావిత్రి ఒకతి. దాని ముక్కు ఎప్పుడూ కారుతుంటది. అది గూడ చెప్పాల్నా?"

మిగతావన్నీ బాగానే చెప్పేది కానీ పేరు దగ్గర తడబడేది. ఒకసారి పోచయ్య అంది.

"పోచయ్య ఎవరు పెద్దమ్మా?" అని చంద్రభాగ తల పట్టుకుంది.

"పాలు పోసేటాయన. పొద్దుగాల మన వాకిట్ల మొత్తుకుంటడు గద. నోట్లె అదే ఉంది."

అందుకని ఆ ఒక్క పేరే మళ్ళీ మళ్ళీ చెప్పించింది. పెద్దమ్మ ఆకులో పొగాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి చాటలో పడేస్తూ చెబుతూ పోయింది. "పెంటయ్య, పెంటయ్య అని జపం చేయిస్తున్నరు. పుణ్యమంత మీ నాయినకే పోతది తీయ్" అని నవ్వింది. మేమూ నవ్వాం. ముగ్గురం ఆడవాళ్ళం అక్కడే కూర్చుని ఉన్నాం. చేస్తున్న పనిలో తప్పేమిటో ఒక్కరికీ తట్టలేదు.

శుక్రవారం కాలేజీ గేటు దగ్గరికి వచ్చాక చంద్రభాగ ఆగిపోయింది. పెద్దమ్మ ఉన్న వాటిలో మంచి చీర కట్టుకుంది. జుట్టుకు నూనె రాసుకుని దువ్వుకుంది. కానీ నుదురు ఖాళీగా ఉంది. పెదనాయన పనిచేసే మిల్లు మూతపడిన ఏడాదే ఆయనా పోయాడు. అప్పటినుంచీ ఆ నుదురు అలాగే ఉంది. చూసి చూసి మా కళ్ళకు అలవాటైపోయి, ఆ సంగతే గుర్తు రాలేదు.

చంద్రభాగ తన నుదుటి మీది స్టిక్కర్ తీసి పట్టుకుని నిలబడింది. ఇవ్వలేకపోయింది.

పెద్దమ్మ రోడ్డు వైపు చూసింది. సైకిళ్ళు పోతున్నాయి. మావాళ్ళెవరూ లేరు.

"పెట్టు," అంది. "జల్దీ పెట్టు, నా మనసు మారకముందే."

చంద్రభాగ పెట్టింది. పెద్దమ్మ దాన్ని తడుముకోలేదు. అద్దం అడగలేదు. కొంగు సర్దుకుని మాకంటే ముందు నడిచింది.

కమిటీ ప్రిన్సిపాల్ సర్ గదిలోనే కూర్చుంటుంది. ఆ గది బయట గోడ మీద నియమాల బోర్డు ఉంది. ఊరినుంచి వచ్చిన కొత్తలో నాకు మరాఠీ చదవడం వచ్చింది ఆ బోర్డు మీదే. అనుమతి లేకుండా బయటికి పోరాదు. మొదటిసారి హెచ్చరిక. రెండోసారి తరగతిలో నిలబెట్టడం. మూడోసారి తల్లి లేదా తండ్రి హాజరు. ఆ కింద చిన్న అక్షరాల్లో ఇంకొకటి ఉంటుంది: కమిటీని మోసం చేసినవారి పేర్లు వెంటనే తొలగించబడును. ఎన్నోసార్లు చదివిన వాక్యమే. ఆ రోజు అది నన్ను చూస్తున్నట్టు అనిపించి తల దించుకుని లోపలికి పోయాను.

లోపల ముగ్గురు ఉన్నారు. మధ్యలో ప్రిన్సిపాల్ సర్. ఆయన పక్కన కలం పట్టుకుని జోషీ మేడం. వాళ్ళిద్దరిదీ మరాఠీ, వాళ్ళ మాటలూ, వాళ్ళతో మేమన్న మాటలూ నాకు అర్థమైనట్టు తెలుగులో రాస్తున్నాను. కిటికీ దగ్గర కుర్చీలో సిద్ధరాములు తాత ఉన్నాడు. కాలేజీ నడిపేది మా నేతవాళ్ళ సమాజం ట్రస్టు. ఆ ట్రస్టు తరఫున ఆయన వచ్చి కూర్చుంటాడు. భవాని పేట్‌లో మగ్గాల ఇల్లు ఆయనది. ధోవతి, తెల్ల టోపీ, మందపాటి అద్దాలు. ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టు కనిపిస్తాడని పిల్లలు నవ్వుకుంటారు.

తల్లికి కుర్చీ ఇచ్చారు. మేమిద్దరం నిలబడ్డాం. పెద్దమ్మ కుర్చీ అంచు మీద, ఎప్పుడైనా లేవమంటారేమో అన్నట్టు కూర్చుంది.

ప్రిన్సిపాల్ సర్ నియమం చదివి వినిపించారు. ఇప్పుడు పేరు కొట్టేస్తే ఇచ్చే టీసీ దాఖలా మీద 'ప్రవర్తన బాగాలేదు' అని రాయవలసి వస్తుందని, అలాంటి కాగితం చూస్తే ఈ ఊళ్ళో ఏ కాలేజీ చేర్చుకోదని చెప్పారు. తర్వాత చంద్రభాగ వైపు తిరిగి, "నిర్ణయం తీసుకునే ముందు నీ మాట వినాలని కూడా నియమం ఉంది. చెప్పు, ఎందుకు దూకావు?" అన్నారు.

చంద్రభాగ పెద్దమ్మ వైపు చూసింది.

"నేనే రమ్మంటి సర్," అంది పెద్దమ్మ. "ఇంట్ల పనుంటది. మాఝీ చూక్ ఆహే. తప్పు నాది. పోరిది గాదు."

"పనుంటే గేటు పాసు తీసుకోవచ్చు కదా."

"పాసుకు సంతకం అడుగుతరు సర్. ఆయన పొద్దంత కార్ఖాన్లనే ఉంటడు. నాకా, వేలిముద్రే. వేలిముద్ర తీసుకపోతే మీ ఆఫీసు జవాను నవ్వుతడు." తర్వాత హఠాత్తుగా చంద్రభాగ వైపు తిరిగి, "గోడ దూకుతవా? కాలిరిగితె ఎవలు చేస్తరే నీకు? కాలేజీకి చదువుకోనీకి పంపిన్నా, కోతిలెక్క ఎగరనీకి పంపిన్నా?" అని కోప్పడింది.

చంద్రభాగ కళ్ళలో నీళ్ళు వచ్చాయి. నటన కాదు. సొంత తల్లి ఏనాడూ గట్టిగా తిట్టి ఎరగదు.

జోషీ మేడం మొహంలో కాస్త నవ్వు కనబడింది. ప్రిన్సిపాల్ సర్ కూడా కుర్చీలో వెనక్కి వాలారు. "బాయి, మీరు ఇంత దూరం వచ్చారు. అది చాలామంది తల్లులు చేయరు. ఇక దూకదని హామీ ఇవ్వండి. మేడం రాసుకుంటారు. ఇదే ఆఖరు అవకాశం" అన్నారు.

నా గుప్పిట్లోని చెమట లంగాకు తుడుచుకున్నాను. అయిపోయిందనుకున్నాను.

"అమ్మాయి తల్లి పేరు?" మేడం అడిగారు.

"రాజమ్మ."

"భర్త పేరు?"

"పెంటయ్య," అంది పెద్దమ్మ. ఏమాత్రం తడబడలేదు. తడబడలేదన్న సంతోషంతో చంద్రభాగ వైపు ఓరగా చూసింది కూడా.

మేడం రాసుకుంటున్నారు. ప్రిన్సిపాల్ సర్ గడియారం చూసుకుంటున్నారు. కిటికీ దగ్గర సిద్ధరాములు తాత మాత్రం తల ఎత్తాడు.

"ఏం పేరన్నవమ్మా?" అన్నాడు తెలుగులో. "నాకు చెవులు సరిగ వినపడవు. మళ్ళొక్కపాలి చెప్పు."

"పెంటయ్య, బాపు," పెద్దమ్మ గొంతు పెంచింది. "పెంటయ్య. పవర్‌లూముల పనిచేస్తడు."

అప్పుడు తట్టింది నాకు.

మా అమ్మ నోట మా నాయన పేరు నేను ఇంతవరకు వినలేదు. రేషన్ దుకాణంలో పేరు అడిగితే నన్ను ముందుకు తోసేది. ఓట్ల రోజు చీటీ రాసేవాడు కోపం చేసుకున్నా నోరు విప్పలేదు. వెనకనుంచి ఎవరో చెప్పారు. రాజమ్మ చిన్నమ్మ కూడా 'చంద్రి వాళ్ళ నాయిన' అనే అంటుంది. మా పెద్దమ్మ సంగతి చెప్పనవసరం లేదు. బీడీ కంపెనీ కార్డు మీద పేరు సరిచూసేటప్పుడల్లా నన్ను వెంటబెట్టుకుపోయేది అందుకే. పుట్టినప్పటినుంచీ ఇది చూస్తూ పెరిగినవాళ్ళం, నిన్న సాయంత్రమంతా కూర్చుని ఒక భార్యకు భర్త పేరు బట్టీ పట్టించాం.

సిద్ధరాములు తాత అద్దాలు తీసి ధోవతి అంచుతో తుడుచుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"కాలం మారిందేమో మరి," అన్నాడు. "నా ముసల్ది జిందగీ అంత కాపురం చేసింది, నా పేరు ఒక్కపాలి అనలే. దవాఖాన్ల డాక్టరమ్మ గట్టిగ అడిగితె గోడకున్న రాముని ఫొటో చూపిచ్చిందట. ఆ డాక్టరమ్మ నా పేరు రామచంద్రం అని రాసింది. మందుచీటీలన్ని అదే పేరు మీద వచ్చినయి."

ఆయన నవ్వుతూనే అన్నాడు. పెద్దమ్మ నవ్వలేదు. ఆమె మొహంలోంచి వెలుగు దిగిపోవడం నేను చూశాను. ఆమెకూ తెలిసిపోయింది.

"ఏమైంది శేఠ్?" అన్నారు ప్రిన్సిపాల్ సర్.

"ఒక్క నిమిషం ఆగుండ్రి సర్." తాత ముందుకు వంగాడు. "బిడ్డా, ఆ పేరు నీకు పరాయిది. అందుకే సాఫ్‌గ నోట్లకెళ్ళి వచ్చింది. నీ సొంతది చెప్పు."

పెద్దమ్మ కావాలంటే ఏదైనా చెప్పగలదు. బీడీలు తీసుకునే గుమాస్తాతో, పాల పోచయ్యతో, మా గల్లీలో ఎవరితోనైనా మాటకు మాట అప్పగించే మనిషి. 'పెంటయ్యే నా మొగుడు, నీకేంది' అనే ధైర్యం కూడా ఉంది. నోరు తెరిచింది. చెయ్యి దానంతట అదే పైకి పోయి కొంగును నెత్తి మీదికి లాక్కుంది. ఆయన పోయి ఇన్నేళ్ళయింది. ఆ పేరు చెప్పడానికి అడ్డమేమీ లేదు, చెప్పినా అనేవాళ్ళు లేరు. అయినా తల దించుకుని అలాగే కూర్చుంది.

తర్వాత ఎప్పటిలాగే నా వైపు తిరిగింది. బీడీ కంపెనీ కిటికీ దగ్గర తిరిగినట్టే.

"నువ్వు చెప్పు బిడ్డా," అంది మెల్లగా.

హాజరు పిలిచినప్పుడు నేను 'హజర్' అంటే ముందు బెంచీకి కూడా వినిపించదు. మేడం రెండుసార్లు పిలుస్తారు. ఆ గదిలో ఇంతసేపూ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేను నోరు మూసుకుంటే పెద్దమ్మ అలా తల దించుకునే ఉంటుంది. తెరిస్తే చంద్రభాగ పోతుంది, నేనూ పోతాను. చంద్రభాగ వైపు చూశాను. ఆమె కళ్ళు మూసుకుంది.

"కిష్టయ్య," అన్నాను. "మా పెదనాయన. ఆయన లేడు. ఈమె మా పెద్దమ్మ యల్లమ్మ. చంద్రభాగకు తల్లి కాదు. పక్కింటామె."

తెలుగులో అన్నాను. మరాఠీలో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది.

"నియమం మీకు తెలుసు," అన్నారు ప్రిన్సిపాల్ సర్. "కమిటీని మోసం చేస్తే ఇద్దరి పేర్లూ పోతాయి."

"పోరగాళ్ళని ఏమనకుండ్రి సర్. నాదే ఆలోచన," అంది పెద్దమ్మ. నుదుటి మీది స్టిక్కర్ తీసి అరచేతిలో పెట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గుప్పిట మూసింది.

అప్పుడు చంద్రభాగ మాట్లాడింది. డబ్బా సంగతి చెప్పింది. తండ్రికి తెలియకుండా చదువుతున్న సంగతి చెప్పింది. తల్లికి ఈ పిలుపు తెలియదని, తెలిస్తే భయపడి మాన్పిస్తుందని చెప్పింది. మాట్లాడుతూ ఎందుకో రెండు చేతులూ ముందుకు చాపి వేళ్ళు చూపించింది. "పొగాకు రుద్దుకునిపోత సర్. వాసన రాకపోతే మా నాయిన అడుగుతడు."

మేడం కలం కింద పెట్టేశారు.

"పాసు ఇచ్చి ఉంటే ఈ పిల్ల గోడ దూకేది కాదు," అన్నాడు తాత.

"తండ్రి సంతకం లేకుండా పాసు ఇవ్వకూడదన్నది మీ ట్రస్టు పెట్టిన నియమం శేఠ్. నేను పెట్టలేదు," అన్నారు ప్రిన్సిపాల్ సర్.

"అవు. మేమే పెట్టినం." తాత ఒప్పుకున్నాడు. "ఆడపిల్లలు బయట తిరుగుతరని పెట్టినం. తండ్రికి బువ్వ తీసుకపొయ్యే పిల్ల మా మతికే రాలే."

ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. ప్రిన్సిపాల్ సర్ చెడ్డవారు కాదు. కానీ ఒకరిని వదిలితే రేపు ఇంకొకరు ఇంకెవరినో తల్లిగా తెస్తారని ఆయన భయం. చివరికి ఇలా తేల్చారు: అసలు తల్లి రావాలి. ఆమె స్వయంగా వచ్చి, 'నేనే పంపిస్తున్నాను, చదువుకోనివ్వండి' అని ఒక్క మాట చెబితే ఇద్దరినీ హెచ్చరికతో వదిలేస్తారు. పాసు సంగతి ట్రస్టు చూసుకుంటుంది.

చంద్రభాగ తల ఊపింది. ఊపిరి తీసుకుంది. "మా అమ్మ వస్తది సర్. భయపడుతది గని వస్తది. నా చదువంటే పాణం ఆమెకు."

జోషీ మేడం ప్రిన్సిపాల్ సర్ వైపు తిరిగారు. "సర్, సోమవారం ఒకావిడ వచ్చిందని చెప్పాను గుర్తుందా? నేను వెనక్కి పంపేశాను."

"ఏ ఆవిడ?"

"చంద్రభాగ తల్లినని చెప్పింది. భర్త పేరు అడిగితే చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా నేల చూస్తుంది, 'ఇంటాయన' అంటుంది. కట్టుకున్నవాడి పేరే తెలియని మనిషి తల్లి ఎలా అవుతుందనుకున్నాను. పేరు చెప్పగలిగిన వాళ్ళను తీసుకురా అని పంపేశాను." మేడం మొహం ఎర్రబడింది. "ఈవిడ గడగడా చెప్పింది కాబట్టి కుర్చీ వేశాను."

సిద్ధరాములు తాత టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మా అమ్మ వచ్చిందా? ఇక్కడికా?" చంద్రభాగ అడిగింది. "ఎందుకు మేడం?"

మేడం ఆమె వైపు తిరిగారు.

"నీ పేరు తీసేసి దాఖలా ఇమ్మంది."

"మా అమ్మ అయ్యుండదు."

"మాట్లాడేటప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ముందు పన్ను విరిగి ఉంది."

పెద్దమ్మ లేచి తన కుర్చీలో చంద్రభాగను కూర్చోబెట్టింది. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. అయిదు రోజులుగా రాజమ్మ చిన్నమ్మ రోజూ పొద్దున కూతురికి జడ వేసి, డబ్బా కట్టి, గల్లీ మలుపు దాకా వచ్చి పంపిస్తోంది. నిన్న నేను చూశాను. నాకు కూడా ఒక రొట్టె చేతిలో పెట్టింది.

జవాను తలుపు తీసి, మొన్నటి బాయి మళ్ళీ వచ్చిందని చెప్పాడు.

రాజమ్మ చిన్నమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. కూతురు కనబడింది, నేను కనబడ్డాను, యల్లమ్మ కనబడింది. ఆమె మొహంలో భయం లేదు. అదే నాకు వింతగా అనిపించింది. రోజూ ఉండే భయం ఎక్కడో దించి వచ్చినట్టు ఉంది.

"పేరు చెప్పేటోళ్ళను తీసుకరమ్మన్నరు మేడం," అంది. "ఎవలు దొరకలే. మీరు నమ్మినా నమ్మకున్నా, అది నా బిడ్డ. దాని దాఖలా నాకియ్యుండ్రి."

"ఆ పేరు నాదే," అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

పెంటయ్య కాక. కార్ఖానాలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు. జుట్టులో, కనుబొమ్మల మీద దూది పీచులు అంటుకుని ఉన్నాయి. ఆమె వెనకే నడిచి వచ్చినట్టున్నాడు. చిన్నమ్మ ఉలికిపాటు చూస్తే ఆమెకు తెలియదని అర్థమైంది. చంద్రభాగ కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకుంది. కాలేజీ బట్టల్లో, తలకు రిబ్బన్లతో, తండ్రి ఎదుట అలా నిలబడటం ఏడాదిలో ఇదే మొదలు. నేను దెబ్బ పడుతుందనుకున్నాను. పెద్దమ్మ కూడా అదే అనుకుని మధ్యలోకి జరిగింది.

ఆయన కొట్టలేదు. కూతుర్ని చూసి ఆశ్చర్యపోలేదు కూడా.

"నమస్కారం సర్. పెంటయ్యను నేనే," అన్నాడు. "దాఖలా ఇయ్యకుండ్రి. పిల్లను చదువుకోనియ్యుండ్రి. యాడికి పంపకుండ్రి."

చంద్రభాగ నోరు కొద్దిగా తెరుచుకుంది. ఇన్నాళ్ళూ ఎవరికి భయపడి గోడ దూకిందో ఆయనే ఆ మాట అన్నాడు. ప్రిన్సిపాల్ సర్ తేలిగ్గా నిట్టూర్చారు. "ఇంకేం బాయి, తండ్రే ఒప్పుకున్నాడు," అన్నారు.

రాజమ్మ చిన్నమ్మ నోటికి అడ్డంగా ఉన్న కొంగు తీసేసింది.

"చదువు వద్దంటలేను సర్. ఈయన ఉన్న ఊళ్ళ వద్దు. ఇయ్యాల్నే ఇయ్యుండ్రి. సాయంత్రం బండికి నా బిడ్డ ఈ ఊళ్ళ ఉండొద్దు."

ఎందుకు అని ప్రిన్సిపాల్ సర్ అడిగారు. ఎందుకమ్మా అని సిద్ధరాములు తాత అడిగాడు. గోడ దగ్గరినుంచి చంద్రభాగ కూడా, ఎందుకే అమ్మా, అని అడిగింది.

పెంటయ్య కాక అడగలేదు. ఎందుకో ఆయనకు తెలుసు.